సన్నని చప్పుళ్ళు

మేడమీద వాటా,
జనవరి 8

బావగారికి మరదలి నమస్కారాలు.

మరదలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందంటే ఏదో పని పడే ఉంటుందని కవరు చించకముందే అనుకుని ఉంటారు. పడింది. మొన్న షాపుకి ఫోన్ చేస్తే "ఆఁ... ఆఁ... అవన్నీ ఉత్తరంలో రాయి" అని పెట్టేశారు. అంత పెద్దమనుషులైపోయారు కాబట్టి రాస్తున్నాను.

తొమ్మిదేళ్ళ కిందట మీరు బిగించి ఇచ్చిన కంప్యూటర్ ముసలిదైపోయింది. పొద్దున మీట నొక్కి, స్నానం చేసి, మా పిల్ల పిచ్చుకకి జడ వేసి వచ్చినా అది ఇంకా ఒళ్ళు విరుచుకుంటూనే ఉంటుంది. ఒక అధ్యాయం తెరవడానికి ఇరవై నిమిషాలు. అక్షరం కొడితే తెరమీదికి రావాలా వద్దా అని ఆలోచిస్తుంది. రోజుకి రెండు మూడుసార్లు తెర బిగుసుకుపోతే మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి.

కొత్తది కొనుక్కో అని మాత్రం అనకండి. బ్రెయిలీ చుక్కల ప్రింటర్ తీగ దూరే బెజ్జం ఈ ముసలిదానికే ఉంది, కొత్తవాటికి లేదట.

చూపులేని పిల్లకి లెక్కలెందుకని స్కూల్లో అన్నప్పుడు "నీకు టైపు వచ్చుగా, పిల్ల పుస్తకం నువ్వే తయారుచెయ్యి" అని ఎగదోసింది మీరే. మూడేళ్ళయింది. వకీలు గారి ఆఫీసులో టైపు కొట్టి, ఇంటికొచ్చి మళ్ళీ టైపు కొట్టి, లెక్కల పుస్తకం పదకొండు అధ్యాయాలూ వేలితో తడిమి చదివే చుక్కల్లోకి మార్చాను. నాలుగు అధ్యాయాలు కాగితం మీదికి ఎక్కాయి. మిగిలిన ఏడూ కంప్యూటర్లోనే ఉన్నాయి. మార్చి పదిహేనుకి పుస్తకం మొత్తం బల్లమీద పెడితే పిచ్చుకని లెక్కల పరీక్షకి కూర్చోనిస్తామని హెడ్మిస్ట్రెస్ గారు ఒప్పుకున్నారు. పెట్టకపోతే లెక్కలు లేని గ్రూపులో వేస్తారు. అందులో పడ్డవాళ్ళు మళ్ళీ లెక్కల గడప తొక్కడం ఉండదు. పదిహేనేళ్ళ పిల్ల, లెక్కలంటే ప్రాణం పెడుతుంది. ఏం చెయ్యమంటారు చెప్పండి.

పుస్తకం పోతుందన్న భయం మాత్రం లేదు. మీరు చెప్పినట్టే రెండో కాపీ పెట్టుకున్నాను. సి లో ఒకటి, డి లో ఒకటి.

మీ తోడల్లుడు గారు లారీ మీద వెళ్ళి ఆరు రోజులైంది. అక్కని అడిగానని చెప్పండి.

మీ మరదలు


షాపు, వెనక గది,
జనవరి 14

మరదలు పిల్లకి,

ఉత్తరం అందింది. తొమ్మిదేళ్ళ కంప్యూటర్ అంటే మన లెక్కలో మీ అమ్మమ్మ వయసు. ఆ వయసులో ఆమె మంచం దిగడానికి ఎంతసేపు తీసుకునేదో గుర్తు తెచ్చుకుని దానిమీద కాస్త జాలి పడు.

నవ్వులాట పక్కన పెట్టి ఒక మాట. నీ సి, డి రెండూ వేరువేరు కావు. ఒకే ఇంట్లో రెండు గదులు. ఇల్లు కాలితే రెండు గదులూ కాలతాయి. రెండేళ్ళ కిందట నేను చెప్పింది ఇంటి బయట పెట్టుకోమని. విడమరిచి చెప్పకపోవడం నా తప్పే. కాపీ పెట్టుకోవడానికి బయటి డిస్కు ఒకటి చూసి పంపుతాను.

ఈలోగా దానికి రోగమేమిటో తెలియాలి. డిస్కు రోగం చప్పుడులో ఉంటుంది. పెట్టె పక్కన కూర్చుని శ్రద్ధగా విను. గరగరా, కిర్రుమంటోందా, టకటకమంటోందా, ఆగి ఆగి వస్తోందా. ఎలా వినపడితే అలా కాగితం మీద పెట్టు. ఫోన్ చెయ్యకు, షాపులో గోలగా ఉంటుంది.

మీ అక్క కులాసా. ఈమధ్య ప్రతిమాటకీ అరుస్తోంది.

బావ


మేడమీద వాటా,
జనవరి 20

బావగారికి,

రెండు గదుల సంగతి చదివాక అన్నం సయించలేదు. ఇన్నాళ్ళూ రెండు తాళాలు వేశాననుకుని గుండెలమీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. ఆ బయటి డిస్కేదో తొందరగా పంపండి.

చప్పుడు గురించి నేను రాస్తే మీకేం తెలుస్తుంది? నాకు ఫ్యాను గరగర తప్ప ఇంకేం వినపడలేదు. పిచ్చుక క్లాసులో పాఠాలు రికార్డు చేసుకునే టేపు రికార్డరు ఉంది కదా, దాన్ని కంప్యూటర్‌కి ఆనించి పావుగంట చప్పుడు పట్టింది. క్యాసెట్ ఈ కవరులోనే పెడుతున్నాను. పిల్ల ఏదో విన్నదట. ఏమిటే అంటే చెప్పదు. "పెదనాన్న అయితే వినగానే పట్టేస్తారు. మనం ముందే చెప్పేస్తే ఆయనకి మజా ఏముంటుంది" అంటోంది. మీ చెవి మీద దానికంత గురి. నాకూ అంతే అనుకోండి. డిస్కుకి చెవి ఆనించి "ఇది ఇంకో నెల బతుకుతుంది" అని మీరు చెప్తే సరిగ్గా నెలకే పోయేదని అక్క ఊరంతా చెప్పుకునేది.

ఇంకా యాభై నాలుగు రోజులున్నాయి. ఏడు అధ్యాయాలు అచ్చు వెయ్యడానికే పన్నెండు రోజులు కావాలి. మీరేం చెప్తే అది చేస్తాను.

మీ మరదలు


షాపు,
జనవరి 27

మరదలు పిల్లకి,

టేపు విన్నాను. రెండుసార్లు విన్నాను. భయపడాల్సిందేం లేదు. ఫ్యానులో దుమ్ము పేరుకుంది, నువ్వన్న గరగర అదే. డిస్కు బాగానే ఉంది. ఇన్నేళ్ళ రాతకోతలకి లోపల ఫైళ్ళు చెదిరిపోయి ఉంటాయి, అందుకే అంత నెమ్మది.

ఇలా చెయ్యి. పెట్టె పక్క రేకు విప్పి, ఫ్యాను మీద దుమ్ము మెత్తని కుంచెతో దులుపు. తర్వాత డిస్కు తనిఖీ పెట్టు. దాని కిటికీలో రెండు గడులుంటాయి, రెండింట్లోనూ టిక్కు పెడితే చెడిన చోట్లు అదే వెతికి బాగుచేసుకుంటుంది. పది గంటలు పట్టవచ్చు. మధ్యలో ఆపకు, ఆపితేనే ప్రమాదం. బయటి డిస్కు పార్సిల్లో వేశాను, వారంలో అందుతుంది. ఈలోగా తనిఖీ అయిపోతే కాపీ చకచకా సాగుతుంది.

పిచ్చుకతో చెప్పు, పెదనాన్న పట్టేశాడని.

బావ


మేడమీద వాటా,
ఫిబ్రవరి 5

బావా,

అంతా పోయింది. ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను.

శనివారం పొద్దున ఏడింటికి మీరు చెప్పినట్టే దుమ్ము దులిపి తనిఖీ పెట్టాను. తొమ్మిదింటికి నూటికి ఎనిమిది అయింది. మధ్యాహ్నానికి పదకొండు. పిచ్చుక కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. కాసేపటికి "అమ్మా, ఆపెయ్యి. ఆ చప్పుడు పెద్దదవుతోంది" అంది. ఏ చప్పుడే అన్నాను. "మొదట్నుంచీ ఉన్నదే. గోరుతో రేకు మీద మూడుసార్లు కొట్టి, ఆగి, మళ్ళీ మూడుసార్లు కొడుతున్నట్టు" అంది. నేను మీ ఉత్తరం తెచ్చి చదివి వినిపించాను. "పెదనాన్న రెండుసార్లు విన్నారు. ఆపితేనే ప్రమాదమని రాశారు. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఆయనది, నువ్వు ఊరుకో" అన్నాను. అది ఊరుకుంది. లేచి వెళ్ళిపోలేదు కూడా, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చుంది.

నాలుగున్నరకి తెర నల్లబడింది. మళ్ళీ మీట నొక్కితే డిస్కు లేదు అని ఒక్క ముక్క వచ్చింది. లేకపోవడమేమిటి, లోపలే ఉందిగా. పదిసార్లు నొక్కి ఉంటాను. ఇప్పుడు ఆ చప్పుడు నాక్కూడా వినపడుతోంది, గుమ్మం దగ్గర నిలబడినా వినపడుతోంది.

సోమవారం మీ పార్సిల్ వచ్చింది. సంతకం పెట్టి తీసుకుని దాన్ని చూస్తూ మెట్లమీదే కూలబడ్డాను.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి, పెట్టెకి చెవి ఆనించి వెంటనే మీట ఆపేశాడు. "ఇది ఎప్పట్నుంచో కొట్టుకుంటోందమ్మా. ఇలాంటిదానికి తనిఖీ పెట్టమని ఎవరు చెప్పారు?" అన్నాడు. మీ పేరు చెప్పలేదు. మా వాళ్ళే అన్నాను.

ముప్ఫై ఎనిమిది రోజులు. మూడేళ్ళ పని. ఏదో ఒక దారి ఉందని రాయండి. మీకు తప్ప ఇది ఎవరికీ చేతకాదు.

మీ మరదలు


షాపు,
ఫిబ్రవరి 10

దానికి ఇక కరెంటు ఇవ్వకు. ఒక్కసారి కూడా వద్దు. నాలుగు మరలు విప్పి డిస్కు బయటికి తీసి, మెత్తని గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో దూది కూరి ఈ రోజే పంపు. చేతిలోంచి జారనివ్వకు. మిగతావి తర్వాత రాస్తాను.

బావ


షాపు, వెనక గది,
ఫిబ్రవరి 21

అమ్మాయీ,

డిస్కు అందింది. దాని పచ్చ సర్క్యూట్ పలక మార్చి చూశాను. అదే రకం పాత డిస్కు వెతికి తెచ్చి దాని పలక వేసి చూశాను. ఫలితం లేదు. చివరికి ఒక్క క్షణం కరెంటు ఇచ్చి దానిమీద వేలు ఆనించాను. మూడు దెబ్బలు. ఆగి మళ్ళీ మూడు. లోపల రాత చదివే ముల్లు దారి దొరక్క కొట్టుకునే దెబ్బలవి. పిచ్చుక టేపులో పట్టింది ఇదేనని నా వేలికి అప్పుడు తెలిసింది.

చెవికి తెలియలేదు. ఆ మాటే నీకు రాయాలి.

ఏడాదిన్నర అయింది. షాపులో గోడ గడియారం ఆగిపోయిందనుకుని కొత్త బ్యాటరీ వేశాను. అది తిరుగుతూనే ఉంది, టిక్కుటిక్కులే నాకు రావడం లేదు. చెవుల డాక్టరు బీరువాలాంటి గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, "లావు శబ్దాలు మిగిలాయి, సన్నవి పోయాయి, ఇక తిరిగి రావు" అన్నాడు. మనుషుల మాటలు మొహాలు చూసి నెట్టుకొస్తున్నాను. ఫోన్లో మొహం ఉండదు కదా, అందుకే ఉత్తరం రాయమన్నాను. చప్పుడు కాగితం మీద పెట్టమన్నదీ అందుకే. నువ్వు టేపు పంపుతావని అనుకోలేదు.

టేపు ఇంటికి తీసుకెళ్ళి పెట్టాను. ఫ్యాను హోరు ఒక్కటే వినపడింది. నువ్వూ ఫ్యాననే రాశావు, దాన్నే పట్టుకుని వేలాడాను. నాకు అందని శబ్దాలుంటాయని తెలుసు. తెలిసే డిస్కు బాగానే ఉందని రాశాను. మీ అక్క పక్క గదిలోనే ఉంది. "ఇది విని చెప్పవే" అంటే అయిపోయే పని. తనకి కూడా నా చెవుల సంగతి తెలియదు. ఇరవై ఆరేళ్ళు ఈ చెవి చూసుకుని బతికాను. యజమాని నన్ను పనిలో ఉంచుకున్నదీ, జనం ఈ షాపుకి వచ్చేదీ దీనికోసమే. నాకు వినపడదు అనే మాట నోటికి రాలేదు.

ఆ మూడు దెబ్బలు వింటే ఎవడైనా ముందు చెప్పేది తనిఖీ మాట ఎత్తొద్దని. బయటి డిస్కు వచ్చేదాకా మీట ముట్టుకోకుండా ఉంచి, అది రాగానే ముందు కాపీ తియ్యాలి. తనిఖీ పెట్టమనడమంటే కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమనడమే. నేనే పరుగెత్తించాను.

పాడైన డిస్కుల్లోంచి రాత వెలికితీసే పెద్ద ల్యాబు ఒకటుంది. ఈ రోజే అక్కడికి పంపుతున్నాను. ఆశ పెట్టుకోమని చెప్పలేను. పెట్టుకోవద్దని చెప్పే ధైర్యమూ లేదు.

నన్ను తిట్టు.

బావ


మేడమీద వాటా,
ఫిబ్రవరి 26

మీ ఉత్తరం వచ్చింది.

తిట్టమని అడిగి తిట్టించుకుంటే మీకు తేలికవుతుంది. ఆ తేలిక మీకెందుకివ్వాలి?

చెవులు పోవడం ఎవరి తప్పూ కాదు. నాకు వినపడటం లేదు, వేరేవాళ్ళకి చూపించుకో అని ఒక్క వాక్యం రాసి ఉంటే మా వీధి చివరి అతని దగ్గరికి పరుగెత్తేదాన్ని. అతను చెవి ఆనించిన క్షణంలో చెప్పేశాడు. విన్నాను అంటే సరిపోయేది కదా. రెండుసార్లు విన్నాను అని ఎందుకు రాశారు? ఆ రెండుసార్లు అన్న మాట చూపించే నా కూతురి నోరు మూయించాను.

మీ ఉత్తరం దానికి చదివి వినిపించాను. దాచాలనే అనుకున్నాను కానీ ఇంట్లో దాపరికాలు ఇక చాలనిపించింది. అది ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "అయితే నాకు సరిగ్గానే వినపడిందన్నమాట" అంది. అంతే. ఆ మాట విన్నప్పట్నుంచి దాని మొహం చూడలేకపోతున్నాను. పుట్టినప్పట్నుంచి చెవులతో బతుకుతున్న పిల్ల నా పక్కన కూర్చుని ఆపమంటే, ఎక్కడో కూర్చున్న మీ కాగితాన్ని నమ్మాను. ఈ తప్పు నాది, దీన్ని మీ మీదికి తోయను. మీది మీరు మొయ్యండి.

అచ్చయిన నాలుగు అధ్యాయాలే అది మళ్ళీ మళ్ళీ తడుముతోంది. మొదటి అధ్యాయంలో చుక్కలు అరిగిపోయాయి.

ల్యాబు నుంచి ఏ కబురొచ్చినా దాచకుండా రాయండి.


ఇల్లు,
మార్చి 17

అమ్మాయీ,

దాచకుండా రాస్తున్నాను. ల్యాబువాళ్ళు డిస్కు తిప్పి పంపేశారు. డిస్కు లోపలి పళ్ళెం మీద గీతలు పడ్డాయి, ఉన్న రాతంతా వాటి కింద గీరుకుపోయింది. ఏడు అధ్యాయాల్లో ఒక్క పేజీ రాలేదు. గడువు మొన్ననే దాటిపోయిందని తెలుసు. ఆ రోజంతా షాపులో ఏం చేశానో గుర్తులేదు.

షాపు యజమానికి చెప్పాను. డిస్కుల బల్ల మీంచి తీసి ప్రింటర్ల బల్లకి మార్చాడు. మంచివాడే, మానెయ్యమనలేదు.

మీ అక్కకి చెప్పాను. చెవుల సంగతి వినగానే "ఏడాదిగా నేను గొంతు చించుకుంటున్నది దేనికనుకున్నారు? మీ అంతట మీరు చెబుతారని చూస్తున్నాను" అంది. పిచ్చుక సంగతీ చెప్పాను. ఆ రోజు నుంచి నాకు ఎదురుగా వచ్చి కూర్చోవడం లేదు. ఎదురుగా కూర్చోకపోతే నాకు మాట అందదు, అది తనకి తెలుసు.

మీ ముసలి కంప్యూటర్‌కి పట్టే డిస్కు ఒకటి సిద్ధం చేసి పంపుతున్నాను. షాపులో ముగ్గురి చేత వినిపించి, బాగుందన్నాకే కట్టాను. పెట్టుకుంటావో పారేస్తావో నీ ఇష్టం. క్షమించమని అడగడానికి మొహం లేదు.

బావ


మేడమీద వాటా,
ఏప్రిల్ 2

బావా,

డిస్కు బిగించాను. పాతికేళ్ళ పిల్లలా లేచి కూర్చుంది. అది చూస్తే ఇంకా ఏడుపొచ్చింది.

పిచ్చుకని లెక్కలు లేని గ్రూపులో వేశామని స్కూలు నుంచి కాగితం వచ్చింది. అది ఆ కాగితం పట్టుకుని తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళి, ఆ గ్రూపులోకి వెళ్ళనంది. ఇదే క్లాసులో మళ్ళీ కూర్చుంటుందట, తనకంటే చిన్నపిల్లల మధ్య. వచ్చే మార్చికి పుస్తకం పెడతానంది. "పెట్టకపోతే?" అని ఆవిడ అడిగితే, "అప్పుడు మీరు చెప్పినట్టు వింటాను" అంది. నన్ను అడగలేదు, ఆ మాట ఇచ్చి ఇంటికొచ్చి నాకు చెప్పింది. ఏడాదే కదా పోయింది అని పొద్దున్నే నాకు నేను చెప్పుకుంటున్నాను. మధ్యాహ్నానికి ఆ మాట పనిచెయ్యదు.

పుస్తకం చూస్తూ తెర చూస్తూ ఒక్కదాన్నే కొడితే మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు పదకొండు నెలలే ఉన్నాయి. చేతులు మీట్ల మీంచి తీయకుండా ఉండాలంటే పక్కన ఒకరు పుస్తకం పట్టుకుని గట్టిగా చదవాలి. అంకెకి అంకె, గుర్తుకి గుర్తు, తప్పు లేకుండా చదవాలి. మీ తోడల్లుడు గారు లారీ మీద. ఆఫీసులో అడగదగ్గవాళ్ళు లేరు. ఎవర్ని పిలుద్దామని పిచ్చుకని అడిగితే మీ పేరు చెప్పింది. నేను వద్దన్నాను. మూడు రోజులు వద్దనే అన్నాను.

ఇందులో పెట్టిన దళసరి కాగితం దాని ఉత్తరం. కొత్త డిస్కు మీద మొట్టమొదట అచ్చయింది అదే. చుక్కల్లో ఉంది, మీకు చదవడం రాదు. ఏం రాసిందో నేను చెప్పను. అర్థమైందని మాత్రం జవాబు రాయకండి. వచ్చి నాకు చదవడం రాదు అని దానికే చెప్పండి, అది చదివి వినిపిస్తుంది. మీరు దాని పెదాలు చూడాలి కాబట్టి వెలుతురు పడేలా కిటికీ దగ్గర కూర్చుంటానంది.

షాపుకి రెండు నెలలు సెలవు పెట్టండి. ప్రింటర్లు ఎక్కడికీ పోవు. అక్కని కూడా తీసుకురండి, మీకు ఎదురుగా కూర్చోకపోయినా నాకు ఎదురుగా కూర్చుంటుంది.

నేను మిమ్మల్ని క్షమించానని రాయడం లేదు, ఇంకా క్షమించలేదు. దానికోసం ఆగితే మార్చి వచ్చేస్తుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం ఆరు నుంచి పని. మీరు చదవాలి, నేను కొడతాను, అచ్చయినది అది తడిమి తప్పులు పడుతుంది. అయిదో అధ్యాయం నుంచి మొదలు. చెవులు పోతే పోయాయి, మీకు కళ్ళున్నాయి, నోరుంది. వచ్చి చదవండి.

మీ మరదలు